వేళ్లు తెల్లబడితే వాతం అని వదిలేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కావలిలో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మీ ఆరోగ్యం పేజీలో బీపీ, షుగర్ గురించి వచ్చేవన్నీ చదువుతాను. మన ఒంట్లో రక్తనాళాల్ని బిగించే ఎండోథెలిన్ అనే పదార్థం మాట మాత్రం అందులో చూసిన గుర్తు లేదు. బీఫార్మసీలో చదివి నేనూ మర్చిపోయిన మాటే అది. మా అక్క వేళ్లు చూశాక మళ్లీ పుస్తకం తీశాను.

మూడేళ్ల కిందట ధనుర్మాసంలో, తెల్లారగట్ల అక్క కళ్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. చుక్కలు పెడుతూ మధ్యలో ఆగిపోయింది. చూపుడు వేలు, మధ్య వేలు రెండో కణుపు దాకా సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. పిండి అంటుకుందేమోనని కొంగుతో తుడుచుకుంది, పోలేదు. కాసేపటికి నీలంగా మారాయి. పొయ్యి దగ్గర కాచుకుంటే ఎర్రబడి ఒకటే మంట. కావలిలో చలి ఏపాటిది చెప్పండి!

ఒకరు వాతం అన్నారు. ఇంకొకరు నరాల బలహీనత అని సూదులు పొడిచారు. అలా ఏడాదిన్నర గడిచింది. ఈలోగా వేళ్ల కొనల మీద పుండ్లు లేచాయి. కందిగింజంత పుండుకి చింతపండు పులుసు తగిలితే అక్క కళ్లవెంట నీళ్లు కారేవి. చివరికి నెల్లూరులో కీళ్ల జబ్బుల డాక్టరు చేతి చర్మం పట్టి చూసి, రక్తపరీక్షలు చేయించి స్క్లీరోడెర్మా, అంటే చర్మం గట్టిపడే జబ్బు అని తేల్చారు. చీటీలో ఎండోథెలిన్‌ని అడ్డుకునే బోసెంటాన్ అనే మందు రాశారు. అన్నేళ్లలో నా కౌంటరు మీదికి ఆ మందు చీటీ రావడం అదే మొదలు.

రక్తనాళం లోపలి గోడకి ఒకే వరస కణాల పొర ఉంటుంది. ఎండోథెలిన్ పుట్టేది అక్కడ. 1988లో జపాన్‌లోని త్సుకుబా యూనివర్సిటీలో మసాషి యానగిసావా, ఆయన తోటివాళ్లు పంది రక్తనాళాల కణాల నుంచి దీన్ని వేరుచేశారు. 21 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. రక్తనాళాన్ని బిగించడంలో దీనికి సాటి వచ్చేవి మన ఒంట్లో చాలా తక్కువ. పశ్చిమాసియాలో ఉండే ఒక పాము విషంలోనూ దాదాపు ఇదే ఆకారంలో ఉండే పదార్థం ఉంది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాగని ఇది ఒంటికి శత్రువు కాదు. దీన్ని అందుకునే రిసెప్టర్లు ఏ, బీ అని రెండు రకాలు. కండర కణాల మీదున్న ఏ రకం నాళాన్ని బిగిస్తుంది. లోపలి పొర మీదున్న బీ రకం నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేయించి వదులు చేస్తుంది, మిగులు ఎండోథెలిన్‌ని రక్తంలోంచి తీసేస్తుంది కూడా. గర్భంలో బిడ్డ పేగుకి నరాలు అమరడానికీ ఇది కావాలి. ఎండోథెలిన్‌కీ దాని రిసెప్టర్లకీ సంబంధించిన జన్యువుల్లో లోపముంటే కొందరు పిల్లలు పేగు చివర నరాలు లేకుండా పుడతారు, పుట్టిన రెండు రోజులైనా విరేచనం కాదు. చిక్కంతా ఈ తూకం తప్పినప్పుడే. స్క్లీరోడెర్మాలో ఎండోథెలిన్ ఎక్కువై వేళ్లకి నెత్తురు అందదు. ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుని అక్కడ బీపీ పెరిగితే మెట్లెక్కగానే ఆయాసం వస్తుంది, దాన్ని ఉబ్బసం అనుకుని ఇన్‌హేలర్లు కొనుక్కుపోయేవాళ్లూ ఉంటారు. 2001లో అమెరికాలో బోసెంటాన్‌కి అనుమతి వచ్చింది ఈ ఊపిరితిత్తుల బీపీకే. స్క్లీరోడెర్మా ఉన్నవాళ్లకి ఏటా ఎకో (గుండె స్కాన్) తీయాలనేది కూడా అందుకే. దేవుడి దయవల్ల అక్క ఎకో బాగానే ఉంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. బోసెంటాన్ పక్కింటివాళ్ల స్ట్రిప్ చూపించి కొనుక్కునే మందు కాదు. నెల నెలా లివర్ పరీక్ష తప్పనిసరి. గర్భిణులు అసలు ముట్టకూడదు, బిడ్డకి అవయవ లోపాలు రావచ్చు. ఉన్న పుండుని త్వరగా మాన్పదు, కొత్తవి రావడం తగ్గిస్తుంది. ఈ సంగతి ముందే తెలియక మొదటి రెండు నెలలు మా అక్క, మందు పనిచేయట్లేదని మానేయబోయింది.

ఎన్ని మందులు వాడినా దిగని బీపీకి, ఇదే దారిలో ఎండోథెలిన్‌ని అడ్డుకునే అప్రోసిటెంటాన్ అనే మందుకి 2024లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. మీ పేజీలో ఇలాంటివి రావాలి.

ఇంకో మనవి. తుపాను వానలకి పోయినేడు పార్సిల్ మూడు రోజులు ఆగిపోతే, సొంత షాపు ఉండి కూడా నేను అక్కకి బోసెంటాన్ మాత్రలు ఇవ్వలేకపోయాను. ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి వచ్చే రోగి ఏం చేస్తాడు? జిల్లా పెద్దాసుపత్రుల్లో ఈ మందు రెండు నెలలకి సరిపడా నిల్వ ఉంచమని అధికారులకి మీరు గుర్తు చేయండి.

మీరు వ్యాసం వేస్తానంటే, వేళ్లు తెల్లబడినప్పుడు తీసిన ఫోటో పంపిస్తాను. మొహం వద్దు, చేతులు వేసుకోమను, చూసి ఎవరైనా తమ వేళ్లతో పోల్చుకుంటారు అంది అక్క.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా