అక్షయపాత్ర కాదు, హిరణ్యకశిపుడి వరం

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో సెల్‌ఫోన్‌ని అక్షయపాత్రతో పోలుస్తూ వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు.

అడవిలో ధర్మరాజుకి సూర్యుడిచ్చిన ఆ పాత్రకి ఒక హద్దుంది. ద్రౌపది భోంచేసేదాకానే అందులో అన్నం ఊరుతుంది. ఆమె తిన్నాక ఆ రోజుకి ఇక మెతుకు రాదు. దుర్వాసుడు శిష్యుల్ని వెంటేసుకుని వచ్చినప్పుడు ఆమె కృష్ణుణ్ణి తలుచుకున్నది అందుకే. అందరికీ పెట్టి, చివర తాను తిని, గిన్నె కడిగి బోర్లించే ఇల్లాలి కథ అది. ఫోన్‌లో బోర్లించడం ఎక్కడుంది? మా మనవడు రాత్రి పదకొండింటికి కూడా బొటనవేలితో వీడియోలు పైకి తోస్తూనే ఉంటాడు. ఒకటి పూర్తికాకముందే ఇంకోటి వచ్చిపడుతుంది. అట్లా అయిపోకుండా ఉండేట్టే దాన్ని తయారుచేశారు. ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు, అంత రాబడి. పైగా ఇక్కడ ముందు తినేది వడ్డించేవాడే. వ్యాసం రాసినాయన కథ సగమే విన్నట్టున్నారు.

పోలిక కావాలంటే వేరే ఉంది, హిరణ్యకశిపుడి వరం. ఎర్రన అద్దంకి రెడ్డిరాజుల కొలువులో ఉన్న కవి, నృసింహపురాణం రాసినాయన. పెంచలకోనకి, సింగరాయకొండకి ఇంటిల్లిపాదీ మొక్కులు తీర్చుకోను పోయే జిల్లాలు మనవి. హిరణ్యకశిపుడు ఏం వరం అడిగాడో ఇక్కడ పిల్లల్ని నిద్రలేపి అడిగినా చెబుతారు. మనిషి చేత చావకూడదు, జంతువు చేత చావకూడదు. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. ఆయన బలం కోసం కాదు తపస్సు చేసింది. ఎవరి లెక్కలోకీ రాకుండా ఉండేందుకు చేశాడు.

తిండి ఇంటికి తెచ్చిచ్చే ఈ యాప్‌ల కంపెనీల మాటలు విన్నప్పుడల్లా నాకు ఆ వరమే గుర్తొస్తుంది. మేం హోటల్ వాళ్ళం కాదు అంటారు. రవాణా వ్యాపారం మాది కాదు అంటారు. బండి మీద పొయ్యేవాడు మా ఉద్యోగి కాదు, పార్ట్‌నర్ అంటారు.

మా తమ్ముడి కొడుకు నెల్లూరులో అట్లాంటి పార్ట్‌నరే. కార్తీకంలో వానలు పట్టినప్పుడు రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్ళు ఎట్లా నిలుస్తాయో ఊళ్ళో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళలో గుంత కనపడక రాత్రి తొమ్మిదింటప్పుడు బండితో సహా పడ్డాడు. నేను పొయ్యేసరికి మూసేసిన కొట్టు ముందు మెట్టు మీద కూచోని ఉన్నాడు. మోకాలు చీరుకుపోయింది. ఫోన్ పాలిథీన్ కవర్లో చుట్టి గుండెకానించుకుని ఉన్నాడు, అది మాత్రం తడవలేదు. ఆర్డర్ లేటవుతోందని అందులో మెసేజ్ మీద మెసేజ్. “పెదనాయనా, ముందు ఈ బిర్యానీ ఇచ్చొద్దాం, లేకపోతే రేటింగ్ పోద్ది” అన్నాడు. రక్తం కారే కాలుతో అన్న మాట అది.

పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాడు. ఆ లోపల యాప్‌లో ఆర్డర్లు తీసుకునే అతని ఐడీ ఆపేశారు. యాప్‌లో ఫిర్యాదు రాస్తే “మీ ఇబ్బందిని అర్థం చేసుకున్నాం” అని నాలుగుసార్లు అక్షరం తేడా లేకుండా ఒకే జవాబు. ఊళ్ళో కంపెనీ వాళ్ళ గది ఒకటుంటే పొయ్యాము. మేం ఏజెన్సీ వాళ్ళం, కంపెనీ మేం కాదు అన్నారు. అక్కణ్ణించి ఒక ప్రభుత్వ ఆఫీసుకి పోతే, అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉందా అని అడిగి, లేదంటే మా పరిధిలోకి రాదన్నారు. ఇంకో ఆఫీసులో రోడ్డు మాది కాదు, రైల్వేది అన్నారు. వరం పొందినవాడు ఒకడైతే, దాన్ని కాపాడేవాళ్ళు ఇంతమంది.

చట్టం లేదా అంటే ఉంది. 2020 సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్ అనే మాట చేర్చారు, అంటే మామూలు యజమాని-ఉద్యోగి లెక్కలోకి రాకుండా ఇట్లా పనిచేసి సంపాదించుకునేవాళ్ళు. కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం వీళ్ళ సంక్షేమానికి కట్టాలని రాశారు. అది అమల్లోకి రావడానికి 2025 నవంబర్ దాకా పట్టింది. రాజస్థాన్ 2023లోనే తనకంటూ చట్టం చేసుకుంది, కర్ణాటక 2025లో చేసింది. మన జిల్లాలో ఏ ఆఫీసులో ఏ టేబుల్ దగ్గరికి పోవాలో మాత్రం నాకు చెప్పినవాళ్ళు లేరు. ఏ కౌంటర్లో చూసినా ఇదే వరస. మా వీధిలో ఒక ముసలామెకి బీడీలు చుట్టీ చుట్టీ వేలిగీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషన్ ఆమె వేలిని గుర్తుపట్టదు. ఎదురుగా కూచున్నతను రోజూ ఆమెను చూసేవాడే, పేరుపెట్టి పిలిచేవాడే, “నేనేం చెయ్యనమ్మా, మిషన్ తీసుకోట్లేదు” అంటాడు. మనిషి మనిషిని గుర్తుపట్టి కూడా ఒప్పుకోలేని ఉద్యోగం ఏం ఉద్యోగమండీ?

నరసింహుడు బ్రహ్మ ఇచ్చిన వరాన్ని కొట్టెయ్యలేదు. ఇంట్లోనూ బయటా కాదంటే గడప చూసుకున్నాడు. పగలూ రాత్రీ కాదంటే సందెవేళ వచ్చాడు. నేలా ఆకాశమూ కాదంటే ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. మా వాడి విషయంలో ఆ గడప ఎక్కడుందో వెతకడం కష్టమా? కిలోమీటరుకి ఎంతివ్వాలో నిర్ణయించేది కంపెనీ. ఏ ఆర్డర్ ఎవరికి పోవాలో చెప్పేది కంపెనీ. ఐడీ ఆపేసి కూడు లేకుండా చెయ్యగలిగేదీ కంపెనీయే. ఇన్ని చేసేవాడు యజమాని కాకపోతే ఇంకెవరు?

ఆ ఐడీ ఇంకా తెరవలేదు. ఆర్డర్లు మోసిన ఎర్ర సంచి మా వరండాలో మేకుకి వేలాడుతోంది. ఇట్లాంటి పిల్లలు ఫిర్యాదు ఇవ్వాల్సిన అధికారి ఎవరో, ఏ గదిలో కూచుంటారో కనుక్కుని మీ జిల్లా పేజీలో వెయ్యండి. అక్షయపాత్ర వ్యాసానికి ఇచ్చినంత జాగా దీనికీ ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు,
మూలాపేట, నెల్లూరు