ట్రైలర్ ఎడిటింగ్, ప్రచారం గురించి

మిత్రులందరికీ నమస్కారం. మన హారర్ చిత్రం ట్రైలర్ 90 సెకన్లు దాటకూడదని, అందులో దెయ్యం ముఖం ఎక్కడా పూర్తిగా కనిపించకూడదని నా గట్టి అభిప్రాయం. తలుపు గడియ దానంతటదే కదిలే షాట్‌లో నేపథ్య సంగీతాన్ని ఆపేసి, రెండు సెకన్లపాటు గదిలోని సహజ శబ్దాన్ని మాత్రమే వినిపించి, ఆ తర్వాత ఒక్కసారిగా తెరను నల్లగా చేస్తే, మిగతా భయాన్ని ప్రేక్షకులే ఊహించుకుంటారు. అందుకోసం షూటింగ్ జరిగిన గదిలోనే ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఆ సహజ శబ్దాన్ని విడిగా రికార్డు చేయాలని సౌండ్ బృందాన్ని కోరుతున్నాను. అనుమతి లేని పాట వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు కనుక సంగీతం మనమే సమకూర్చుకుందాం. రీల్స్ కోసం 9:16 నిలువు ఫ్రేమ్‌లో వేరే ఎడిట్ కావాలి. ఫోన్లో చాలామంది శబ్దం లేకుండానే చూస్తారు, కాబట్టి సంభాషణలకు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. ప్రదర్శన తేదీ, స్థలం చివర్లో తీరిగ్గా చదువుకునేంత సేపు తెరపై ఉండాలి.