తలసేమియా తల్లి ఒక్కదాని నుంచే రాదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో తలసేమియా పిల్లలకు రక్తం దొరకడం లేదని వార్త వేశారు. వేసినందుకు సంతోషం. కానీ అందులో ‘తల్లి నుంచి బిడ్డకు సంక్రమించే ఈ వ్యాధి’ అని రాశారు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో వారం రోజులుగా పొయ్యి దగ్గర కూడా మాటల్లేవు.

నా మనుమరాలికి ఆరేళ్ళు. తలసేమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బులో తీవ్రమైన రకం. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. నర్సు నరం కోసం వెతుకుతుంటే ‘ఈ చెయ్యి వద్దు, పోయినసారి దీనికే గుచ్చిన్రు’ అని రెండో చెయ్యి తనే చాపుతుంది. నా బిడ్డను నా సొంత చెల్లె కొడుక్కే ఇచ్చాను. మేనరికం, పిల్ల కళ్ళ ముందే ఉంటుందనుకున్నాం. ఆ సంబంధం కలిపింది నేనే. లగ్గానికి ముందు అయ్యగారి దగ్గరికి మూడుసార్లు పోయాను. రక్తపరీక్ష మాట ఒక్కరూ ఎత్తలేదు, నాకూ తోచలేదు.

తర్వాత అందరం పరీక్ష చేయించుకున్నాం. బిడ్డ, అల్లుడే కాదు, నేనూ మా చెల్లె కూడా క్యారియర్లమే, అంటే జబ్బు లేకున్నా లోపమున్న జన్యువు ఒకటి మోసేవాళ్ళం. మా అమ్మదో నాయనదో లోపమున్న జన్యువు మా ఇద్దరికీ వచ్చింది. నా నుంచి బిడ్డకు, చెల్లె నుంచి అల్లుడికి పోయింది. అలాంటిది ఒక్కటే ఉంటే మనిషి మామూలుగానే ఉంటాడు. రక్తం కాస్త తక్కువుందని ఏళ్ళ తరబడి ఐరన్ గోళీలు మింగాను, అంతే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే జబ్బు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, బిడ్డ క్యారియర్ అయ్యేది 50 శాతం, ఏదీ లేకుండా పుట్టేది 25 శాతం. ‘మొదటి పిల్లకు వచ్చింది కదా, ఇక తర్వాతి ముగ్గురికీ రాదు’ అని మాకు ధైర్యం చెప్పిన చదువుకున్నవాళ్ళున్నారు. తప్పు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే. బయటి సంబంధమైనా రావచ్చు, కాకపోతే మేనరికంలో ఒకే తాతముత్తాతల జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం ఎక్కువ. కడుపులో ఉండగా మూడో నెలలోనే తెలుసుకునే పరీక్ష ఉందని మాకు పాప పుట్టాక తెలిసింది.

ఇక ఆఫీసుల సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో తలసేమియా ఉంది. సర్టిఫికెట్‌కు వెళితే ‘పిల్ల నడుస్తోంది కదా’ అని పంపించేశారు. నాలుగుసార్లు తిరిగాం, ప్రతిసారీ కొత్త మనిషి, కొత్త కాగితం. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కూడా ఇలాగే తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చేదే. దాని నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న మిషన్ మొదలుపెట్టి, 2047 గడువు పెట్టుకుంది. గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు, మంచి పని. మరి వరంగల్, హనుమకొండ డిగ్రీ కాలేజీల్లో పిల్లలందరికీ ఒక్కసారి తలసేమియా పరీక్ష చేయడానికి అడ్డమేంటి?

దయచేసి ఆ వాక్యానికి సవరణ వేయండి. మూలన చిన్న అక్షరాల్లో కాదు, వార్త వేసిన చోటే. మా చెల్లె మీ పేపర్ రోజూ చదువుతుంది. ‘పేపర్లోనే రాసిన్రు కదా’ అని ఆ రోజు నుంచి కోడల్ని అంటూనే ఉంది. తన రిపోర్టు తన చేతికే ఇచ్చి చూపించాను, నమ్మలేదు. మీరు వేస్తే నమ్ముతుంది.

— ఒక తాత, హనుమకొండ