నాసిక్ వారం గురించి రఘుకి

ఏరా రఘూ,

ఫిబ్రవరిలో వారం సెలవు దొరికిందని, మన బ్యాచంతా నాసిక్‌లో కలిసి వైన్ తోటలు చూద్దామని రాశావు. చాలా మంచి నెల పట్టావు. ద్రాక్ష కోతలు అప్పటికి జోరుమీద ఉంటాయి. మెరిసే వైన్‌కి, అదే బుడగలొచ్చే స్పార్క్‌లింగ్ వైన్‌కి, వాడే కాయని పులుపు తగ్గకముందే, అందరికంటే ముందు కోసేస్తారు. ఆ తర్వాత చెనిన్ బ్లాంక్ లాంటి తెల్లరకాలు, చివర్లో షిరాజ్, కాబెర్నే లాంటి ఎర్రరకాలు. కాబట్టి మీరొచ్చేసరికి ఎర్రద్రాక్ష క్రషర్‌లో పడుతూ ఉంటుంది. పొద్దున్నే వెళ్తే అప్పుడే తెచ్చిన క్రేట్లు కూడా చూడొచ్చు. ఎండెక్కాక కోస్తే కాయ వేడెక్కి తొట్టిలోకి చేరకముందే పులియడం మొదలవుతుంది, అందుకే కోత చల్లటి వేళలోనే. నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తు. రాత్రిళ్లు చలి ఉండబట్టే కాయలో ఆ పులుపు నిలుస్తుంది.

సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాసిక్ రోడ్ స్టేషన్‌లో దిగండి. ఊరు అక్కణ్ణుంచి ఇంకా కొంచెం దూరం. మహాశివరాత్రి ఏ తేదీన వస్తుందో ముందే చూసుకో, ఆ రోజుల్లో త్ర్యంబకేశ్వర్ జనంతో ఊళ్లో గదులూ దొరకవు, రోడ్డూ కదలదు. డ్రై డే, అంటే మద్యం అమ్మని రోజు, పడుతుందేమో కూడా కనుక్కో.

తోటలన్నీ ఒకేవైపు లేవు. గంగాపూర్ డ్యామ్ వైపు సులా, యార్క్, సోమా ఉన్నాయి. దిండోరి వైపు షాండాన్. ముంబై హైవే మీద ఇగత్‌పురి వైపు వలోనే, గ్రోవర్ జంపా. ఒక రోజుకి ఒక వైపే, రెండు తోటలే. మూడోదానికి వెళ్లినా నాలుక పనిచేయదు. శని, ఆదివారాల్లో ముంబై, పుణే జనం సులా మీద పడతారు, కౌంటర్ దగ్గర పోసేవాళ్లకి మాట్లాడే తీరికే ఉండదు. అది మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. చిన్న తోటలకి మాత్రం ముందే ఫోన్ చేయాలి. బండి డ్రైవర్‌తో సహా రోజంతటికీ మాట్లాడుకోండి, సాయంత్రం అక్కణ్ణుంచి తిరుగు క్యాబ్ దొరకడం కష్టం. మీలో ఎవరూ స్టీరింగ్ పట్టుకోవద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే.

ఇక రుచి చూడ్డం. ఒక్కో రకం 30 మిల్లీలీటర్లు పోస్తారనుకో, ఆరు రకాలకి 180, అంటే ఒక పూర్తి గ్లాసు దాటినట్టే. అందుకే పక్కన ఉమ్మే పాత్ర పెడతారు. మొహమాటపడకుండా వాడండి, తెలిసినవాళ్లంతా చేసేది అదే. గ్లాసుని కాడ దగ్గర పట్టుకో, గిన్నె దగ్గర పట్టుకుంటే చేతి వేడి వైన్‌కి ఎక్కుతుంది. ముందు తిప్పకుండా వాసన చూడు, తర్వాత తిప్పి మళ్లీ చూడు. తేడా నీకే తెలుస్తుంది. సోవిన్యోన్ బ్లాంక్ అనే తెల్లరకంలో పచ్చి క్యాప్సికం, జామ తగులుతాయి. షిరాజ్‌లో నేరేడుపండు, మిరియాలు. తర్వాత చిన్న గుటక తీసుకుని నోరంతా తిప్పు. నోట్లో నీళ్లూరితే అది పులుపు. చిగుళ్లు పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టేస్తే అది వగరు, ఎర్రవైన్‌కి తొక్క నుంచీ గింజ నుంచీ వచ్చేది. గొంతులో వేడి తగిలితే అది ఆల్కహాల్. ఈ మూడూ విడివిడిగా పట్టుకోగలిగితే చాలు, మిగతా మాటలన్నీ వాటంతటవే వస్తాయి.

వరస తప్పొద్దు: మెరిసేది, తెలుపు, రోజే అనే గులాబీరంగు వైన్, ఎరుపు, అన్నిటికంటే చివర తీపి లేట్ హార్వెస్ట్, అంటే బాగా పండాక ఆలస్యంగా కోసిన కాయతో చేసింది. తీపి ముందు తాగితే తర్వాత వచ్చే మంచి వైన్ కూడా ఒట్టి పుల్లగా అనిపిస్తుంది. ఆ పూట సెంటు వద్దు, కిళ్లీ వద్దు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ దోషం, వెంటనే వేరే సీసా అడుగు. వాసనే లేకుండా చప్పగా ఉంటే సీసా ఎప్పుడు తెరిచారో అడుగు. ఎరుపు గోరువెచ్చగా ఇస్తే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి కొడుతుంది, కాసేపు ఐస్ బకెట్‌లో పెట్టమను. 16 నుంచి 18 డిగ్రీలు దానికి సరి. తెలుపుకి 8 నుంచి 12.

పొద్దున మిసల్, అంటే మొలకల కారం కూర, పావ్‌తో తినకుండా నాసిక్ నుంచి రావొద్దు. గంగాపూర్ రోడ్డు వైపు సాధనాలో కట్టెలపొయ్యి మీద చేస్తారు. ఎర్రటి కారం పులుసు, తర్రీ, విడిగా ఇస్తారు, కొంచెం కొంచెంగా పోసుకో. కానీ తోటకి వెళ్లేది కనీసం రెండు గంటల తర్వాతే, కారం నాలుక మీదుంటే ఏ వైన్ అయినా ఒకేలా ఉంటుంది.

రాత్రి భోజనాల దగ్గరే మనవాళ్లు ఎక్కువ పొరపడతారు. మటన్ అనగానే ఎర్రవైన్ తెప్పిస్తారు. కారం ఎక్కువున్న కూరతో ఆల్కహాల్ మంటని పెంచుతుంది, వగరు ఇంకా గరుకుగా తగులుతుంది. నల్ల మసాలా మటన్, భాకరీ (జొన్నరొట్టె) చెప్పినప్పుడు చల్లటి రోజే గానీ కాస్త తీపున్న చెనిన్ గానీ తెప్పించు, ఆ తీపి కారాన్ని అణుస్తుంది. చెల్లెమ్మ గోంగూర మాంసం వండుతానంది కదా, దానికి షిరాజ్ అసలు పనికిరాదు. గోంగూర పులుపు ముందు ఎర్రవైన్ చచ్చుబడిపోతుంది. కూరంత పులుపున్న వైనే నిలబడుతుంది, సోవిన్యోన్ బ్లాంక్ తెరవండి. సాబుదానా వడ, పకోడీ లాంటి ఉప్పూ నూనే ఉన్నవాటికి మెరిసే వైన్‌ని మించింది లేదు. షిరాజ్‌ని వేయించిన, కారం తక్కువున్న మాంసానికీ, బాగా మగ్గబెట్టిన చీజ్‌కీ దాచుకోండి. పాయసంతో అయితే వైన్ పాయసం కంటే తియ్యగా ఉండాలి.

750 మిల్లీలీటర్ల సీసా ఐదు గ్లాసులు. ఆరుగురికి భోజనంలో రెండు సీసాలు, మరీ ఎక్కువైతే మూడు. మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే తెలుపైనా ఎరుపైనా మూడు రోజులు నిలుస్తుంది. మెరిసేది మర్నాటికే బుడగలు పోగొట్టుకుంటుంది. కొన్న సీసాల్ని మాత్రం ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదలొద్దు, వేడికి కార్క్ పైకి తన్నుకొస్తుంది, రుచి ఉడికిన జామ్‌లా మారిపోతుంది. ఇంటికి ఎన్ని తీసుకెళ్లొచ్చో తెలంగాణ ఎక్సైజ్ నిబంధన కనుక్కునే కొను.

శాకాహారులు ఎవరెవరో నాకు రాయి. వైన్ తేటపడటానికి గుడ్డులో తెల్లసొన గానీ చేప నుంచి తీసిన పదార్థం గానీ వాడే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. ఫోన్ చేసేటప్పుడే అడిగి పెడతాను. ఎంతమంది, ఏ రైలు, ఎన్ని గదులు, ఈ మూడూ ఈ నెలాఖరులోపు తేల్చు.

నీ
మూర్తి