మా గుట్ట మీది నక్షత్రానికి పదమూడు రాత్రుల కరెంటు ఇప్పించండి

విద్యుత్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

రెండేళ్లలో నాలుగు అర్జీలు పెట్టాం సార్. అర్జీ రాయడం బాగానే వచ్చేసింది. అందుకే ఈసారి ఉత్తరం రాస్తున్నాను.

కొండవీడు కొండలు కనపడే మా ఊళ్లో, గుట్ట మీద డిసెంబరులో క్రిస్మస్ నక్షత్రం కట్టేది మా ఇంటివాళ్లమే. నాన్న మొదలుపెట్టారు. వెదురు బద్దలు, ఎర్ర గాజు కాగితం, లోపల పెట్రోమాక్స్ లైటు. వెలుతురు తగ్గితే పంపు కొట్టాలని రాత్రంతా పక్కనే దుప్పటి కప్పుకుని పడుకునేవారు. ఇప్పుడు ఇనప చట్రం, 120 ఎల్‌ఈడీ బల్బులు. హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలకు స్టార్ కనపడిందంటే ఊరొచ్చినట్టే. చట్రానికి వెల్డింగ్ చేసే సాయిబు గారు కూలి తీసుకోరు. పండగయ్యాక విప్పబోతే రామాలయం వీధి వాళ్లు ‘సంక్రాంతికి అల్లుడొస్తాడు, అప్పటిదాకా ఉంచండి’ అంటారు.

గుట్ట కిందే కరెంటు స్తంభం ఉంది. కానీ అది వ్యవసాయ ఫీడరు, అంటే పొలాల మోటార్లకిచ్చే లైను. పగలు తొమ్మిది గంటలిచ్చి ఆపేస్తారు. అందుకు వంక పెట్టను, రాత్రి మోటారు వేయడానికెళ్లి పాము కరిచి పోయినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. ‘అయితే పగలే వెలిగించుకోండి’ అని ఆఫీసులో ఒకాయన అన్నారు చూడండి, దానికేం చెప్పాలో తెలియలేదు.

ఊరి లైను నుంచి మూడు స్తంభాలు వేస్తే చాలని లైన్‌మ్యానే చెప్పాడు. ఆఫీసుకెళ్తే గుట్ట కాగితం తెమ్మన్నారు. రెవెన్యూ వాళ్లు ‘పోరంబోకుకి మీ పేరున కాగితమేంటి’ అన్నారు. తిరిగొస్తే లోడు రాసిమ్మన్నారు. ఇచ్చాం: బల్బుకి 9 వాట్లు, మొత్తం 1,080 వాట్లు. కింద తిరిగే ఐదు హార్స్‌పవర్ మోటారులో మూడో వంతు కూడా కాదు. ఆ కాగితం ఏ బీరువాలో ఉందో.

గ్రీవెన్స్‌లో ఇచ్చిన నాలుగో అర్జీకి మాత్రం ఫోనుకి మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది. చాలా సంతోషం సార్. ఆ సాయంత్రం జనరేటరు మోస్తూ గుట్టెక్కేటప్పుడు ఆ ఫోను వెలుతురే మాకు దారి చూపించింది.

మెట్లు లేవు. బొంగు కట్టి నలుగురు మోయాలి. రాత్రికి ఐదారు లీటర్ల డీజిల్. పోయినేడు క్యానుతో జారిపడ్డ మా తమ్ముడు సంక్రాంతికి కూడా కుంటుతూనే ఉన్నాడు. పైగా ఆ మోతలో క్యారల్స్ పాడేవాళ్లు నోళ్లు తెరవడం కనపడుతుంది కానీ పాట వినపడదు.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత తిరునాళ్లకి విజయవాడ గుణదల కొండ మీద పెట్టేన్ని దీపాలు మేం అడగడం లేదు. డిసెంబరు 20 నుంచి జనవరి 1 దాకా రాత్రిపూట కరెంటు, అంతే. ఉచితం వద్దు. తాత్కాలిక కనెక్షనుకి ముందే డబ్బు కట్టమంటే కడతాం. మూడు స్తంభాలు కుదరకపోతే ఇంకేదన్నా దారి చూడండి. సెమీ క్రిస్మస్ కేకు కోసేటప్పుడైనా ఒక్కసారి మా గుట్టని తలుచుకోండి సార్.

నాన్నకి ఎనభై దాటాయి. గుట్ట ఎక్కలేరు. వాకిట్లో మంచం వేయించుకుని అటే చూస్తూ కూర్చుంటారు. జనరేటరు ఆగి స్టార్ ఆరిపోయినప్పుడల్లా ‘పంపు కొట్టండ్రా’ అని కేకేస్తారు.

ఇట్లు,
నాలుగు అర్జీల మీ విధేయుడు