వేరుశనగ పాలు మంచివే, కాల్షియం సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ వంటల పేజీలో బాదం పాలు, జీడిపప్పు పాలు ఇంట్లో తయారుచేసుకునే పద్ధతి వేశారు. పాలు పడని పిల్లలున్న ఇళ్లకు ఇది చాలా ఉపయోగం. కానీ దాని పక్కన ఉండాల్సిన రెండు మాటలు లేవు. అవి తెలియక మేం పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని రాస్తున్నాను.

మా మనవరాలికి ఆరేళ్లు. నిరుడు పాలు తాగినప్పుడల్లా కడుపుబ్బరం, విరేచనాలు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగడం లేదన్నారు డాక్టరుగారు. మా అమ్మాయి బాదం పాల డబ్బా కొనుక్కొచ్చింది. లీటరు 290 రూపాయలు. లేబుల్ మీద ముందు నీళ్లు, తర్వాత చక్కెర, ఆ తర్వాత బాదం! నెలనెలా అంత పెట్టడం మా వల్ల కాలేదు. అందుకే కంచరపాలెం రైతుబజారు నుంచి వస్తూ వేరుశనగ గుళ్లు తెచ్చి నేనే మొదలుపెట్టాను.

గ్లాసుడు గుళ్లు రాత్రి నానబెడతాను. పొద్దున్న చేత్తో నలిపితే పొట్టు ఊడి పైకి తేలుతుంది. నీళ్లు మార్చి, నాలుగు గ్లాసుల మంచినీళ్లతో మెత్తగా మిక్సీ పట్టి, పల్చటి నూలు గుడ్డలో వడగట్టి పిండాలి. ఈ పాలను తప్పకుండా కాచాలి. పది నిమిషాలు సన్నని సెగ మీద గరిటె తిప్పుతూనే ఉండాలి, వదిలేస్తే అడుగంటుతుంది. పచ్చివాసన పోయాక చిటికెడు యాలకుల పొడి, కొంచెం బెల్లం. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచను. పిప్పి దోసెల పిండిలోనో పచ్చడిలోనో కలిపేస్తాను. పలాస నుంచి చుట్టాలు జీడిపప్పు ముక్క తెచ్చినప్పుడు ఆ పాలు చేస్తాను. మూడు గంటలు నానితే చాలు, వడగట్టే పని కూడా లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన విశాఖ సముద్రపు గాలికి గుళ్లు తొందరగా మెత్తబడి బూజు పడతాయి. ఆ బూజులో పుట్టే విషం కాచినా పోదు. రంగు మారినవి, ముడతలు పడినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాల్సిందే. నేను పళ్లెంలో పోసి, కళ్లజోడు పెట్టుకుని మరీ ఏరతాను.

ఇక అసలు విషయం. నాలుగు నెలలు పిల్లకు ఈ పాలే ఇచ్చి, పాల లోటు తీరిపోయిందని ధైర్యంగా ఉన్నాం. మళ్లీ చూపించడానికి వెళ్తే డాక్టరుగారు "మరి కాల్షియం ఎక్కడి నుంచి వస్తోందమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నేను చేసే గ్లాసుడు పాలలో అందులో ఐదో వంతు కూడా రాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాలు అన్న మాటే నన్ను మోసం చేసింది. ఇలాంటి పానీయాలను పాల పేరుతో అమ్మవద్దని 2021లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ అమ్మకందారులకు ఎందుకు చెప్పిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మా పిల్లకు పొద్దున్న చోడి (రాగి) అంబలి, సాయంత్రం నువ్వుల చిమ్మిలి. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. బాగా తోడుకున్న పెరుగు కొద్దికొద్దిగా పెట్టి చూడమన్నారు, అది పడింది. వేరుశనగ పాలు మానలేదు, అవి పిల్లకు ఇష్టం.

అందుకే మీకు నా విన్నపం. ఈసారి ఇలాంటి వంట వేసినప్పుడు, ఏడాది లోపు పిల్లలకు తల్లిపాలకు, డాక్టరు చెప్పిన డబ్బా పాలకు బదులుగా ఇవి పనికిరావని, పెద్ద పిల్లలకు కాల్షియం వేరే చూసుకోవాలని అదే పేజీలో, అదే అక్షరాల సైజులో వేయండి. జీడిపప్పు తింటే పెదవులు వాచే పిల్లవాడు మా వీధిలోనే ఉన్నాడు. జీడిపప్పు, బాదం, వేరుశనగ లాంటివి పడని పిల్లల గురించి కూడా ఒక వాక్యం రాయండి. బాదం కొనలేని ఇళ్ల కోసం వేరుశనగ పాల కొలత కూడా వేయండి. పైన రాసిన నా కొలతే వాడుకోవచ్చు.

– ఒక అమ్మమ్మ, కంచరపాలెం, విశాఖపట్నం