అది ఆకాశంలో లేదు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఉదారవాద యూదు మతంలో ఏ ఆచారం పాటించాలో ఎవరికి వారే తేల్చుకునేటట్లయితే దాన్ని మతమని ఎందుకనాలి అని అడిగావు. లండన్‌లో నేను వెళుతున్న ఉదారవాద యూదుల అధ్యయన తరగతిలో మొదటి వారమే నాకూ ఇదే సందేహం కలిగింది. మా రబ్బీగారు, అంటే యూదు మతగురువు, సిద్ధాంతమేదీ చెప్పలేదు. యూదు పండితుల ప్రాచీన చర్చల గ్రంథమైన తల్మూద్ తెరిచి ఒక కథ చదివించారు.

ఒక మట్టి పొయ్యి శుద్ధమా, అశుద్ధమా అని పండితులు వాదించుకుంటారు. అందరూ ఒకవైపు, రబ్బీ ఎలీజర్ ఒక్కడూ మరొకవైపు. తన మాటే నిజమని ఆయన సాక్ష్యం కోరితే చెట్టు పెకలి వంద మూరల దూరం జరుగుతుంది, కాలువ వెనక్కి పారుతుంది, పాఠశాల గోడలు ఒరుగుతాయి, చివరకు ఆకాశవాణి కూడా ఆయన పక్షమే పలుకుతుంది. అప్పుడు రబ్బీ యెహోషువ లేచి, ద్వితీయోపదేశకాండంలోని మాటనే ఎత్తుకుని, "అది ఆకాశంలో లేదు" అంటాడు. తోరా, అంటే ద్వితీయోపదేశకాండం కూడా చేరిన యూదుల ధర్మశాస్త్రం, మనుషులకు ఇవ్వబడింది కనుక దాని అర్థం తేల్చవలసినవారు మనుషులే అని ఆయన భావం.

ఆచారాలను సంప్రదాయం ప్రకారం కచ్చితంగా పాటించే సనాతన యూదులకూ ఈ కథ ప్రియమైనదే. అయితే వారు దీనిలో పండితుల అధికారాన్ని చూస్తారు, ఉదారవాదులు ప్రతి తరానికీ ఉన్న బాధ్యతను చూస్తారు. వారానికొకసారి వచ్చే విశ్రాంతి దినమైన సబ్బాతునాడు నిప్పు రాజేయరాదని తోరా చెబుతుంది. విద్యుద్దీపం వెలిగించడం కూడా ఆ నిషేధంలోకే వస్తుందని సనాతనులు పాటిస్తారు. మా తరగతిలో ఆ విధి ఎందుకు పుట్టిందో, ఏ కాలంలో దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో చదివిన తరువాతనే ఎవరి నిర్ణయం వారు చేసుకుంటారు. చదవకుండా వదిలేసే స్వేచ్ఛను అక్కడ ఎవరూ ఇవ్వరు. 1885లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సంస్కరణవాద రబ్బీలు ఆహార నియమాలను ఒక్క తీర్మానంతో పక్కన పెట్టడం తొందరపాటేనని నాకు అనిపిస్తుంది.

జర్మనీకి చెందిన యూదు మహిళ రెజీనా యోనాస్ మార్గం నాకు ఎక్కువ నచ్చింది. స్త్రీ రబ్బీ కావచ్చునా అన్న ప్రశ్నకు ఆమె 1930లో బెర్లిన్‌లో రాసిన సిద్ధాంత వ్యాసంలో కావచ్చునని శాస్త్రగ్రంథాల ఆధారాలతోనే వాదించింది. 1935లో రబ్బీ అయింది. నాజీలు ఆమెను తెరెజీన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. అక్కడా ఉపన్యాసాలు ఇస్తూనే ఉండి, 1944లో ఆష్‌విట్జ్ మరణ శిబిరంలో హతమైంది. ఆమె గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన దేశానికీ ఈ ధోరణి చాలాకాలం క్రితమే వచ్చిందని తెలుసా? లండన్‌లో వైద్యం చదివిన డాక్టర్ జెరూషా ఝిరాద్ 1925లో బొంబాయిలో తన బెనె ఇజ్రాయెల్ (పశ్చిమ భారతంలోని యూదుల) సమాజం కోసం జ్యూయిష్ రెలిజియస్ యూనియన్ అనే ఉదారవాద సంస్థను స్థాపించింది.

ఇక ఆ పొయ్యి కథ యెహోషువ గెలుపుతో ముగియదు. తోటివారు ఎలీజర్‌ను వెలివేస్తారు. ఆ వార్త చెప్పడానికి ఆయన శిష్యుడు అకీవా నల్లబట్టలు కట్టుకుని వెళ్లి, నాలుగు మూరల దూరంలో కూర్చుంటాడు. ఎలీజర్ బట్టలు చింపుకుని, నేల మీద కూర్చుని ఏడుస్తాడు. వాదంలో నెగ్గినవారు అంత కఠినంగా ప్రవర్తించవలసిందా అని మా రబ్బీగారు అడిగి, వచ్చే వారానికి ఆలోచించుకు రమ్మన్నారు. నీవేమంటావో ఆలోగా రాయి. తరగతిలో చదివి వినిపిస్తాను.

నీ స్నేహితుడు